కాలికి కట్టిన చీటీ: విశ్వవిద్యాలయ మ్యూజియం ప్రజలకు తెరిచేది ఏమిటి?

ప్రకృతి విజ్ఞాన మ్యూజియం అనగానే మనకు గాజు అద్దాల వెనక కోరలు చూపే పులి, పైకప్పు నుంచి వేలాడే తిమింగలం అస్థిపంజరం గుర్తుకొస్తాయి. విశ్వవిద్యాలయ మ్యూజియంలో పరిశోధకులు రోజూ చేతిలోకి తీసుకునే నమూనాకు ఆ దర్జా ఏమీ ఉండదు. లోతు తక్కువ సొరుగు ఒకటి బయటికి లాగితే వెల్లకిలా వరుసగా పడుకోబెట్టిన పిట్టలు కనిపిస్తాయి. లోపలి మాంసమంతా తీసేసి, దూది కూరి, పొట్ట మీద సన్నగా కుట్టు వేసి ఉంటాయి. కళ్లుండాల్సిన చోట తెల్లటి దూది ఉంటుంది. రెక్కలు ఒంటికి అంటుకుని ఉంటాయి, రెండు కాళ్లూ ఒకదాని మీద ఒకటి వేసి దారంతో కట్టి ఉంటాయి, ఆ దారానికే ఒక చిన్న చీటీ వేలాడుతూ ఉంటుంది. ఆ పిట్టను పట్టిన చోటు, తేదీ, సముద్ర మట్టం నుంచి ఆ చోటి ఎత్తు, పిట్ట బరువు, అది మగదో ఆడదో, పట్టినవారి పేరు, వారి నోటుపుస్తకంలో దానికి ఇచ్చిన సంఖ్య — ఇవన్నీ బొటనవేలంత కాగితం మీద చీమల బారులాంటి అక్షరాల్లో ఇరికించి ఉంటాయి.

పిట్ట కంటే ఆ చీటీయే విలువైనదని సేకరణల్లో పనిచేసేవారు చెబితే మొదట వింతగా అనిపిస్తుంది. కానీ చీటీ ఊడిపోయిన పిట్ట అందమైన ఈకల మూట మాత్రమే. చీటీ ఉన్న పిట్ట ఫలానా రోజున ఫలానా చోట ఈ జీవి బతికి ఉందనడానికి సాక్ష్యం, అదీ ఎప్పుడైనా తిరిగి పరీక్షించుకోగల సాక్ష్యం. విశ్వవిద్యాలయం తన ప్రకృతి విజ్ఞాన సేకరణలను ప్రజలకు తెరుస్తున్నామని ప్రకటించినప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇక్కడే పుడుతుంది: తెరుస్తున్నది పిట్టనా, చీటీనా, లేక ఆ రెండింటి మధ్యనున్న బంధాన్నా?

ఈ ప్రశ్న ఎందుకంటే, 'తెరవడం' అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు కలగాపులగంగా వాడుకలో ఉన్నాయి. ఎంపిక చేసిన కొన్ని వస్తువులను గదుల్లో అమర్చి టికెట్టు పెట్టి గానీ పెట్టకుండా గానీ చూపించడం ఒకటి. తాళం వేసి ఉన్న గిడ్డంగినే, అంటే సొరుగులనూ సీసాలనూ వాటి మధ్య జరిగే పనినీ, చూడనివ్వడం ఇంకొకటి. చీటీల మీదున్న సమాచారాన్ని, నమూనాల చిత్రాలను కంప్యూటర్లోకి ఎక్కించి ఎవరైనా ఎక్కడి నుంచైనా వెతుక్కునేలా చేయడం మూడవది. మొదటిదానికి కావలసింది కళాదృష్టి, భవనం. రెండవదానికి కావలసింది భద్రత, కాపలా. మూడవదానికి కావలసింది అంతులేని ఓపిక. పత్రికల్లో ఫొటోలు పడేది మాత్రం ఎప్పుడూ మొదటిదానికే.

ప్రజలను లోపలికి రానివ్వడమన్నది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1683లోనే ఆష్మోలియన్ మ్యూజియం తలుపులు తీసి, రుసుము చెల్లించిన వారినల్లా లోపలికి అనుమతించింది. 1710లో అక్కడికి వెళ్లిన జర్మన్ పండితుడు జకారియాస్ ఫాన్ ఉఫెన్‌బాక్ ఆ దృశ్యం చూసి తెగ చిరాకుపడ్డాడు. పల్లెజనం గుంపులుగా వచ్చి అటూ ఇటూ పరుగులు తీస్తూ, కనబడ్డదల్లా చేత్తో పట్టి చూస్తున్నారని, ఆరు పెన్నీలిస్తే ఆడవాళ్లను కూడా లోపలికి రానిస్తున్నారని రాసుకున్నాడు. ఆయన అహంకారాన్ని పక్కన పెడితే, ఆ ఫిర్యాదులో ఒక నిజమైన చిక్కు ఉంది. చేతులు తగిలే కొద్దీ నమూనా అరిగిపోతుంది. ఆ మ్యూజియంలో ఉండిన డోడో పక్షిలో ఇప్పుడు మిగిలింది తల, ఒక పాదం మాత్రమే. ఆ జాతి పదిహేడవ శతాబ్దంలోనే భూమ్మీద నుంచి మాయమైంది కాబట్టి పోయినదాని స్థానంలో ఇంకొకటి తెచ్చి పెట్టే దారి లేదు.

పంతొమ్మిదవ శతాబ్దం నడిమికి వచ్చేసరికి నమూనాలు లక్షల్లోకి పెరిగాయి. వచ్చిన ప్రతిదాన్నీ అలమరాల్లో బారులు తీర్చి చూపించే పద్ధతి అటు చూసేవారికీ ఇటు చదివేవారికీ పనికిరాకుండా పోయింది. 1864లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే జంతుశాస్త్రవేత్త ప్రదర్శనకు కొన్నే ఉండాలని, మిగిలినవాటిని అధ్యయనం కోసం విడిగా భద్రపరచాలని వాదించాడు. అలా మ్యూజియం రెండుగా చీలింది. నేడు పెద్ద మ్యూజియంల సేకరణల్లో ఒక శాతం కూడా గాజు అద్దాల వెనక ఉండదు. ఆ చీలిక వల్ల పరిశోధనకు మేలే జరిగింది గానీ, బయటివారికి మాత్రం అద్దాల వెనకున్నదే మ్యూజియమన్న భ్రమ స్థిరపడిపోయింది. నా ఉద్దేశంలో ఇప్పటి 'ప్రజలకు తెరుస్తున్నాం' అనే ప్రకటనలన్నీ నూటయాభై ఏళ్ల కిందటి ఆ గోడలో కిటికీలు పెట్టే ప్రయత్నాలే.

ఇంతకూ ఆ సొరుగుల్లో బయటివారికి పనికొచ్చేది ఏముంది? ఇక్కడ కొంచెం నిదానంగా ఆగి చూడాలి, ఎందుకంటే ఇది తెలియకపోతే మిగతా చర్చంతా అటక సర్దుకునే గొడవలా కనిపిస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి బర్క్‌లీలో 1908లో మొదలైన వెన్నెముక జీవుల మ్యూజియం ఒకటుంది. దాని తొలి డైరెక్టరు జోసెఫ్ గ్రినెల్. ఆయన తన బృందంతో ఆ రాష్ట్రంలోని కొండలు, ఎడారులు, లోయలు తిరిగి, ఏ ఎత్తులో ఏ జంతువులున్నాయో, ఎన్ని బోనులు పెడితే ఎన్ని పడ్డాయో, ఏవి పడలేదో కూడా ఏ రోజుకారోజు రాసిపెట్టాడు. ఈ శ్రమ విలువ ఇప్పుడప్పుడే తెలియదని, బహుశా వందేళ్లు గడిచాక రాబోయే విద్యార్థికి తెలుస్తుందని ఆయన 1910లోనే అన్నాడు. సరిగ్గా అదే జరిగింది. 2003 నుంచి అదే మ్యూజియం పరిశోధకులు ఆ నోటుపుస్తకాలు పట్టుకుని అవే చోట్లకు మళ్లీ వెళ్లారు. యోసెమిటీ కొండల్లో 28 రకాల చిన్న క్షీరదాలను పరిశీలించగా, వాటిలో సగం జాతుల నివాసపు హద్దులు సగటున దాదాపు 500 మీటర్లు పైకి జరిగాయని 2008లో ప్రకటించారు. ఆ శతాబ్దంలో అక్కడ వేడి పెరిగింది. జంతువులు చల్లదనాన్ని వెతుక్కుంటూ కొండెక్కాయి. చీటీ మీద 'ఎత్తు' అనే ఒక్క అంకె లేకపోయి ఉంటే ఈ మాట ఎవరూ రుజువులతో చెప్పగలిగేవారు కాదు.

గుడ్ల కథ మరీ విచిత్రం. గూళ్లలోంచి గుడ్లు ఎత్తుకొచ్చి, సన్నటి రంధ్రం చేసి లోపలిది ఊదేసి, పెంకులు దాచుకోవడం ఒకప్పుడు బ్రిటన్‌లో పెద్ద సరదా. ఆ పాడలవాటు మిగిల్చిన పెంకులను కొలిచి, తూచి, బైరి డేగల గుడ్ల పెంకు 1940ల చివరి నుంచి హఠాత్తుగా పలచబడిందని డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త 1967లో చూపించాడు. డీడీటీ అనే పురుగుమందు పొలాల్లోకి వచ్చిన కాలం అదే. పెంకులు పోగుచేసినవారికి డీడీటీ ఊసే తెలియదు. వారు చేసిన మంచి పనల్లా పెంకు మీద తేదీ రాయడం. బొగ్గుపొగ సంగతీ ఇంతే. షికాగో, పిట్స్‌బర్గ్ మ్యూజియంల, మిషిగన్ విశ్వవిద్యాలయ మ్యూజియం సేకరణల నుంచి 1,300కు పైగా పిట్టలను వరుసగా పేర్చి ఫొటోలు తీసిన ఇద్దరు పరిశోధకులు, 135 ఏళ్ల గాలి ఎంత నల్లగా ఉండేదో 2017లో లెక్కగట్టారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో పట్టిన పిట్టల తెల్లటి పొట్ట మసిగుడ్డలా ఉంటే, ఆ తర్వాత పొగ మీద అదుపు వచ్చిన కాలంలో పట్టిన అదే జాతి పిట్ట కడిగిన ముత్యంలా ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరికి చూపించినా వివరణ అక్కర్లేదు. నిజానికి ప్రదర్శన గదిలో ఉండవలసింది కోరలు చూపే పులి కంటే ఈ జంట పిట్టలే అని నాకనిపిస్తుంది.

ఇక 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక ఉన్నట్టుండి చనిపోసాగారు. కారణం హంటావైరస్ అని, దాన్ని మోస్తున్నది డీర్ మౌస్ అనే అడవి ఎలుక అని తేలింది. ఈ వైరస్ కొత్తగా పుట్టుకొచ్చిందా లేక ముందు నుంచీ ఉందా అన్న ప్రశ్నకు జవాబు విశ్వవిద్యాలయ మ్యూజియంల ఫ్రీజర్లలో దొరికింది. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో అంతకు ముందే భద్రపరచి ఉంచిన ఎలుకల కణజాలంలో ఆ వైరస్ జాడలు కనిపించాయి. అంటే వైరస్ పాతదే; వానలు బాగా కురిసి తిండి దొరికి, ఎలుకలు విపరీతంగా పెరిగిన ఏడాది అది మనుషుల దాకా వచ్చింది. ఎలుకలను దాచినవారు వైరస్ కోసం దాచలేదు. ఎందుకు పనికొస్తాయో ముందే తెలిసి దాచిన నమూనాలు ఎప్పుడూ తక్కువే.

ఇంత ఉపయోగం ఉంటే సొరుగులన్నీ బార్లా తెరిచి పెట్టవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. అడ్డొచ్చేవి చాలావరకు భౌతికమైన కారణాలు. వెలుతురు రంగులను తినేస్తుంది. ఈకలు, సీతాకోకచిలుకల రెక్కలు, నొక్కి ఆరబెట్టిన మొక్కలు వంటివాటి మీద 50 లక్స్‌కు మించి కాంతి పడకూడదన్నది మ్యూజియంలు పాటించే కొలత. మామూలు చదువుకునే గదిలో వెలుతురు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మనిషి బట్టలకు, సంచులకు అంటుకుని వచ్చే చిన్న పెంకుపురుగు ఒక్కటి సొరుగులో గుడ్లు పెడితే, దాని పిల్లలు ఒక్క ఏడాదిలో పురుగుల సేకరణనంతా పొడిగా మార్చి గుండుసూదులను మాత్రమే మిగులుస్తాయి. అందుకే బయటి నుంచి వచ్చిన ప్రతి నమూనాను కొన్ని రోజులు గడ్డకట్టించి గానీ లోపలికి తీసుకోరు. పురుగు పట్టకుండా పాత చర్మాలకు పట్టించిన ఆర్సెనిక్ ఇప్పటికీ విషమే కాబట్టి, అవి సందర్శకుడి చేతికి ఇవ్వదగినవి కావు. చేపలు, కప్పలు నానుతున్నది 70 శాతం ఆల్కహాల్‌లో. ఒక నిప్పురవ్వ చాలు. దొంగల సంగతి వేరే చెప్పాలి. 2009లో లండన్ ప్రకృతి విజ్ఞాన మ్యూజియానికి చెందిన ట్రింగ్ శాఖలోకి కిటికీ పగలగొట్టి చొరబడిన యువకుడు 299 పక్షి చర్మాలు ఎత్తుకుపోయాడు. అతడికి కావలసింది చేపల గాలాలకు కట్టే రంగురంగుల ఈకలు. పోలీసులు చాలా పిట్టలను తిరిగి తెచ్చారు గానీ, వాటిలో అనేకం చీటీలు తెగిపోయి వచ్చాయి. శాస్త్రం దృష్టిలో అవి తిరిగి రానట్టే.

ఈ చిక్కులకు జర్మనీలోని బెర్లిన్ ప్రకృతి విజ్ఞాన మ్యూజియం చూపిన పరిష్కారం చెప్పుకోదగ్గది. 2009 దాకా హుంబోల్ట్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్న ఆ మ్యూజియం, రెండో ప్రపంచయుద్ధంలో బాంబు పడి కూలిన తన తూర్పు భాగాన్ని తిరిగి కట్టినప్పుడు, ద్రవంలో భద్రపరచిన నమూనాలను ఒక పెద్ద గాజు గదిలో పెట్టింది. 2010 నుంచి సందర్శకులు దాని చుట్టూ నడుస్తూ, పసుపు వెలుతురులో మెరిసే దాదాపు 2,76,000 సీసాలను చూడవచ్చు. లోపల చల్లగా ఉంటుంది, అడుగుపెట్టేది పనివారు మాత్రమే. పరిశోధకుడు ఒక సీసా దించుకుని వెళ్లడం అవతలి నుంచి కనిపిస్తుంది. ఇది అలంకారం కోసం పేర్చిన సీసాల గోడ కాదు, నిజంగా వాడుకలో ఉన్న గిడ్డంగి. అయినా ఒక లోటు మిగిలే ఉంది: చూసేవారికి సీసా కనిపిస్తుంది, చీటీ మీది అక్షరాలు కనిపించవు.

అక్షరాలను బయటికి తేవడమే మూడవ రకం తెరవడం. చెప్పినంత సులువు కాదది. వందేళ్ల నాటి చేతిరాత, ఎప్పుడో పేరు మారిన ఊళ్లు, 'వాగు దాటాక పెద్ద చెట్టు దగ్గర' వంటి గుర్తులు — ఇవన్నీ చదివి, పటం మీద అక్షాంశ రేఖాంశాలుగా మార్చాలి. జీతమిచ్చి చేయించడానికి ఏ విశ్వవిద్యాలయం దగ్గరా అంత డబ్బు ఉండదు. అందుకే 2013లో మొదలైన 'నోట్స్ ఫ్రం నేచర్' వంటి వేదికలు చీటీల ఫొటోలు తీసి ప్రజల ముందు పెట్టి, ఎవరికి వీలైనన్ని వారిచేత ఎక్కిస్తున్నాయి. మ్యూజియంలోకి స్వయంగా వెళ్లి పనిచేసేవారూ ఉన్నారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలో గుడ్ల సేకరణకు జాబితా రాస్తున్న ఒక స్వచ్ఛంద కార్యకర్తకు 2009లో ముదురు గోధుమ రంగు గుడ్డు ఒకటి కనబడింది. దాని మీద పెద్ద బీట ఉంది, పక్కనే సి. డార్విన్ అని రాసి ఉంది. చార్లెస్ డార్విన్ బీగిల్ నౌకాయానంలో సేకరించిన గుడ్లలో బయటపడింది ఇదొక్కటే. ఆ కాలపు ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ న్యూటన్ నోటుపుస్తకం తిరగేస్తే బీట సంగతి కూడా తెలిసింది: ఆ మహానుభావుడు దీన్ని మరీ చిన్న పెట్టెలో కుక్కాడు, దానికి ఈ గతి అందుకే పట్టింది అని న్యూటన్ రాసిపెట్టాడు. ప్రపంచంలో అందరికంటే ప్రసిద్ధుడైన ప్రకృతి శాస్త్రవేత్త సేకరించిన గుడ్డు ఎక్కడుందో అది ఉన్న మ్యూజియానికే తెలియకుండా ఉన్నదంటే, 'మా దగ్గరున్నవి ఇవీ' అని చెప్పే జాబితా ఎంత అవసరమో అర్థమవుతుంది.

జాబితాలు కలిసినప్పుడు పుట్టే బలం వేరు. 2001లో ఏర్పడిన జీబిఫ్ అనే అంతర్జాతీయ వేదికలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన జీవుల నమోదులు వందల కోట్లలో ఉన్నాయి. వాటిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. 2017 నుంచి 2023 వరకు ఫ్లోరిడా విశ్వవిద్యాలయ మ్యూజియం ముందుండి 18 సంస్థలతో నడిపిన ఓవర్ట్ ప్రాజెక్టులో 13,000కు పైగా వెన్నెముక జీవులను సీటీ స్కాన్ తీసి, ఆ త్రిమితీయ చిత్రాలను అందరికీ అందుబాటులో పెట్టారు. ఆస్పత్రిలో రోగికి తీసే స్కాన్ వంటిదే ఇది. సీసాలోని కప్పను కోయకుండా దాని ఎముకలు, అది మింగిన పురుగు కూడా తెర మీద తిప్పి చూడవచ్చు. స్పైనీ మౌస్ అనే ముళ్ల ఎలుకల తోక చర్మం కింద ఎముక పలకలున్నాయని బయటపడింది ఇలాంటి స్కాన్లలోనే. తరతరాలుగా చేతిలో పట్టుకుని చూసినవారికి కనబడని సంగతి అది.

అయితే సమాచారాన్ని తెరవడానికీ హద్దులుండాలి. చైనాలో గోనియురోసారస్ లూయీ అనే బల్లిని 1999లో కొత్త జాతిగా వర్ణించినప్పుడు శాస్త్ర సంప్రదాయం ప్రకారం దొరికిన చోటు కూడా ప్రచురించారు. పెంపుడు జంతువుల వ్యాపారులు ఆ వ్యాసాన్ని దారిచూపే పటంలా వాడుకుని, ఆ చోట ఆ బల్లి అనేదే లేకుండా చేశారు. చీటీ మీది 'చోటు' అనే గడి గ్రినెల్ చేతిలో ఎంత మేలు చేసిందో ఇక్కడ అంత కీడు చేసింది. అందుకే ప్రమాదంలో ఉన్న జాతుల విషయంలో ఇప్పుడు కచ్చితమైన స్థానాన్ని దాచి, ఉజ్జాయింపు ప్రాంతాన్ని మాత్రమే చూపిస్తున్నారు. అసలు వివరం కావలసిన పరిశోధకుడు విడిగా అడగాలి. ఇది ప్రజలను అవమానించడమనే వాదన ఉంది గానీ, నాకు దానిలో పస కనిపించదు.

మరో హద్దు చరిత్ర పెట్టినది. వలస పాలన కాలంలో ఎవరినీ అడగకుండా పట్టుకెళ్లిన నమూనాలు ఐరోపా, అమెరికా విశ్వవిద్యాలయాల సొరుగుల్లో కోకొల్లలు. వాటితో పాటు మనుషుల ఎముకలు కూడా ఉన్నాయి. ఆదివాసుల పూర్వికుల అవశేషాలను తిరిగి అప్పగించాలని అమెరికా 1990లో చట్టమే చేయాల్సి వచ్చింది. అటువంటివాటిని ప్రదర్శనకు పెట్టడం కాదు తెరవడమంటే. ఎవరివో వారికి కబురు చేయడం. మొక్కలు, జంతువుల విషయంలో 2014 నుంచి అమల్లో ఉన్న నగోయా ఒప్పందం ఇక మీదటి సేకరణకు, పంపకానికి నియమాలు పెట్టింది గానీ పాతవాటిని పెద్దగా తాకలేదు. పాతవాటి విషయంలో సంస్థలు చేయగల తొలి పని తమ దగ్గర ఏయే దేశం నుంచి వచ్చినవేమున్నాయో దాచకుండా బయట పెట్టడం. తమ అడవిలోంచి వెళ్లిన మొక్క ఎక్కడుందో కూడా తెలియని దేశం దాని గురించి అడిగేది ఏముంటుంది?

చివరికి అంతా డబ్బు దగ్గరికే వస్తుంది. విశ్వవిద్యాలయపు మ్యూజియం ప్రభుత్వ మ్యూజియం వంటిది కాదు. తరగతి గదులతో, ప్రయోగశాలలతో, ఆటస్థలాలతో చోటు కోసం పోటీపడాలి. ఆటస్థలం మాట ఊరికే అనలేదు: 2017లో అమెరికాలోని లూసియానా విశ్వవిద్యాలయపు మన్రో శాఖ, స్టేడియంలో ఉన్న సేకరణలను పరుగుపందెం ట్రాకు విస్తరణ కోసం ఖాళీ చేయమంది. కొన్ని నెలల గడువులో ఎవరూ తీసుకోకపోతే పారేయాల్సి వస్తుందని ప్రకటించింది. దాదాపు 60 లక్షల చేపల నమూనాలు, లక్షల మొక్కల నమూనాలు అప్పుడు కొత్త ఇల్లు వెతుక్కున్నాయి. 2024లో డ్యూక్ విశ్వవిద్యాలయం 8,25,000 నమూనాలున్న తన హెర్బేరియాన్ని, అంటే ఆరబెట్టిన మొక్కల సేకరణను, మూసేస్తామని చెప్పింది. ఈ రెండు సేకరణలూ పనికిమాలినవి కావు. వాటి పనేమిటో తెలిసినవారు తక్కువ, అంతే. జనం వచ్చిపోయే మ్యూజియాన్ని మూయాలంటే పాలకవర్గం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. సందర్శకులను విసుక్కునే క్యురేటర్లు, అంటే సేకరణల బాధ్యత చూసేవారు, ఈ లెక్కను గుర్తుంచుకోవడం మంచిది.

అటు తలుపులు మాత్రం తీసి, ఇటు గిడ్డంగిని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనైరోలో తెలిసింది. బ్రెజిల్ జాతీయ మ్యూజియం అక్కడి ఫెడరల్ విశ్వవిద్యాలయానికి చెందినది. ఆ ఏడాదే దానికి రెండు వందల ఏళ్లు నిండాయి. ప్రదర్శనకు ఎప్పుడూ తెరిచే ఉండేది, నిర్వహణకు మాత్రం ఏళ్ల తరబడి డబ్బు చాలేది కాదు. సమావేశ మందిరంలోని ఏసీ దగ్గర మొదలైన మంట భవనాన్నంతా కాల్చేసింది. అగ్నిమాపక దళం వచ్చేసరికి దగ్గర్లోని కుళాయిల్లో నీళ్లు లేవు. సుమారు రెండు కోట్ల వస్తువుల్లో అధికభాగం బూడిదైంది; 50 లక్షల దాకా ఉన్న పురుగుల సేకరణ చీటీలతో సహా పోయింది. ఐదు టన్నుల బెండెగో ఉల్క ఇనుముది కాబట్టి ద్వారం దగ్గర చెక్కుచెదరకుండా నిలబడింది.

ఆ మరునాడే అక్కడ మ్యూజియంల నిర్వహణ చదువుతున్న విద్యార్థులు ఒక విజ్ఞప్తి చేశారు: ఎప్పుడైనా ఆ మ్యూజియం చూసినవారు తమ దగ్గరున్న ఫొటోలు పంపాలని. వేల కొద్దీ ఫొటోలు వచ్చాయి. డైనోసార్లు, మమ్మీలు, మెట్ల మీద నిలబడి నవ్వుతున్న పిల్లలు, వారి వెనక ఉల్క. పురుగుల సొరుగులు సందర్శకులెవరూ ఎన్నడూ చూడనివి. వాటి ఫొటోలు ఎవరి ఫోన్లోనూ ఉండే అవకాశమే లేదు.